చేలో శత్రువు, చెరువులో చుట్టం.. నివ్వరి

కిందటి ఖరీఫ్ కోతలకు ముందు ఒక సన్నకారు రైతు గుప్పెడు కంకులు పాత పేపర్లో చుట్టుకొని వచ్చాడు. ఆయనకు చెరువు కింద రెండెకరాలు ఉంది. కూలి ఖర్చు భరించలేక ఆ ఏడాది నాట్లు మానేసి విత్తనం వెదజల్లాడు. "చూడండి సార్, ఇది వరో గడ్డో తెలియటం లేదు. మొన్నటిదాకా వరిలాగే ఉంది. కంకి తీశాక చూస్తే గింజకు ఇంత మీసం. చెయ్యి తగిలితే చాలు, బురదలోకి రాలిపోతోంది. ఏం మందు కొట్టమంటారు?" అని అడిగాడు.

మందు లేదు. ఆయన తెచ్చిన కంకుల్లో కొన్ని నివ్వరివి. కొన్ని నివ్వరికీ మామూలు వరికీ మధ్య రకంగా ఉన్నాయి. ఈ రెండూ చేలో చేరాక అశ్రద్ధ చేస్తే నాలుగైదు పంటల్లో చేను వాటిదైపోతుంది. అయితే అదే నివ్వరి చెరువు మూలన తన పాటికి తాను పెరుగుతుంటే, పనిగట్టుకొని దాన్ని పీకించటం కూడా పొరపాటే. ఈ మాట చాలామందికి కొత్తగా ఉంటుంది. చేలో దాన్ని ఎలా ఆపాలి, చెరువులో దాన్ని ఎందుకు బతకనివ్వాలి అనేది ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

నివ్వరి అంటే ఏమిటి?

దున్నకుండా, విత్తకుండా నీళ్లలో తనంతట తాను మొలిచి పండే వరిని నివ్వరి అంటారు. సంస్కృతంలో నీవారం. అడవి వరి అని కూడా అంటారు. ఇది నిన్న మొన్నటి గడ్డి కాదు. గుళ్లో వినే చమకంలో వరి, యవలు, మినుములు, నువ్వులు, పెసలు వంటి ధాన్యాల వరసలోనే నీవారం పేరు కూడా వస్తుంది. కాళిదాసు శాకుంతలంలో కణ్వ మహర్షి ఆశ్రమం దగ్గర కనిపించే గింజలు ఇవే. దుక్కి దున్నని మునులకు ఇదే తిండిగింజ.

మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు రకాలు చూస్తాం. ఒకటి ఏడాదికోసారి గింజ నుంచి మొలిచేది. వానాకాలం నీళ్లు నిలిచి, వేసవిలో ఎండిపోయే కుంటలు, చెరువు అంచులు, రోడ్డు పక్క గుంతల్లో ఉంటుంది. దీన్ని శాస్త్రవేత్తలు ఒరైజా నివారా అంటారు. మన నీవారం పేరే దానికి పెట్టారు. 1965లో ఈ పేరు పెట్టిన ఇద్దరూ మన దేశపు శాస్త్రవేత్తలే, ఎస్.డి.శర్మ, ఎస్.వి.ఎస్.శాస్త్రి. వీరిలో శాస్త్రిగారు హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా నడిచిన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకానికి సారథ్యం వహించారు.

రెండోది ఏళ్ల తరబడి బతికేది. ఏడాది పొడుగునా నీళ్లుండే లోతు చిత్తడి నేలల్లో, డెల్టా మురుగు పల్లాల్లో ఉంటుంది. నీళ్లు పెరిగితే కాడ కూడా సాగుతుంది. కణుపుల దగ్గర వేళ్లు పోసుకొని నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. దీని పేరు ఒరైజా రూఫిపోగాన్. ఈ అడవి వరుల నుంచే వేల ఏళ్ల కిందట ఆసియాలో మన సాగు వరి పుట్టింది. అంటే నివ్వరి వరికి పుట్టినింటి వైపు మనిషి అన్నమాట. చేలో దీనితో ఇంత తంటా రావటానికి కారణం కూడా ఈ చుట్టరికమే.

గుర్తుపట్టటం ఎలా?

ఊద గడ్డిని గుర్తుపట్టటం కలుపు తీసే ఆడవాళ్లకు బాగా తెలుసు. ఆకు కాడను చుట్టుకొని ఉన్న చోటు నుంచి విడిపోయే దగ్గర వరికి నాలుకలాంటి తెల్లని పొర ఉంటుంది. ఊదకు ఆ పొర ఉండదు, నున్నగా ఉంటుంది. కానీ నివ్వరికి ఆ పొర వరికి ఉన్నట్టే ఉంటుంది. అందుకే తొలి కలుపులో, మలి కలుపులో కూడా అది చేతికి దొరక్కుండా తప్పించుకుంటుంది.

కాస్త ఎదిగాక కొన్ని తేడాలు కనిపిస్తాయి. నివ్వరి దుబ్బు నిటారుగా నిలబడదు. పిలకలు బయటికి వాలి, చేప వల పరిచినట్టు విచ్చుకుంటాయి. అయితే సంకరం మొక్కలు కొన్ని నిటారుగానే పెరిగి, మీ వరి కంటే జానెడు ఎత్తులో కనిపిస్తాయి. కంకి తీశాక మాత్రం అనుమానం ఉండదు. గింజ కొసన పొడుగాటి ముల్లు, దానినే కొందరు మీసం అంటారు, రెండు మూడు అంగుళాల దాకా ఉంటుంది. ముల్లును వేళ్ల మధ్య పెట్టి కింది నుంచి పైకి దువ్వితే నున్నగా జారుతుంది, పై నుంచి కిందికి లాగితే గరుకుగా పట్టుకుంటుంది. గింజ ముదిరే కొద్దీ ఊక నల్లబడుతుంది. వలిచి చూస్తే బియ్యం ఎర్రగా ఉంటుంది. సంకరం మొక్కల్లో ముల్లు పొట్టిగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. అలాంటప్పుడు రెండు గుర్తులు చూడండి. చెయ్యి తగిలితే గింజ రాలటం ఒకటి, ఎర్ర బియ్యం రెండోది.

గింజ రాలటం మనకు నష్టం గానీ నివ్వరికి అదే బతుకు. మనం కోసి, నూర్చి, మళ్లీ విత్తుతాం కనుక సాగు వరికి గింజ పట్టుకొని ఉండటం అలవాటైంది. నివ్వరికి విత్తే వాళ్లెవరూ లేరు. కంకి పైభాగం నుంచి ఒక్కొక్క గింజే ముదిరి, ముదిరింది ముదిరినట్టే రాలిపోతుంది. ముల్లు గరుకు వల్ల గింజ మెల్లగా బురదలోకి దిగుతుంది. పశువుల వెంట్రుకలకు అంటుకొని మరో కుంటకు కూడా పోతుంది. రాలిన గింజలన్నీ మరుసటి ఏడాదే మొలవవు. కొన్ని నిద్రలో ఉండి రెండో ఏడు, మూడో ఏడు కూడా మొలుస్తాయి. ఒక్క పంటలో కలుపు తీసేసి "పోయింది" అనుకోవటానికి వీల్లేదు.

చేలోకి ఎలా వస్తుంది?

మొదటి దారి విత్తనం. ధ్రువీకరణ వరి విత్తనంలో కిలోకు అడవి వరి గింజలు 5కు మించరాదని మన దేశ విత్తన ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్కన ఎకరానికి 25 కిలోలు వాడితే, అన్నీ సక్రమంగా ఉన్న సంచిలో కూడా 125 గింజల దాకా ఉండటానికి అవకాశం ఉంది. ఇక పక్క చేను నుంచి బదులు తెచ్చుకున్న విత్తనం, కొట్లో చీటీ లేకుండా కొన్న విత్తనం సంగతి చెప్పనక్కర్లేదు.

రెండో దారి చెరువు మట్టి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువుల పూడిక తీసి రైతులు పొలాలకు తోలుకున్నారు. పూడిక మట్టి చేనుకు మంచిదే, అందులో సందేహం లేదు. కానీ నివ్వరి ఉన్న చెరువు అంచు నుంచి తీసిన మట్టిలో ఏళ్ల తరబడి రాలిన గింజలు కూడా ఉంటాయి. మట్టి తోలే ముందు ఆ చోట కిందటి వానాకాలం ఏం పెరిగిందో చూసుకోవాలి. నివ్వరి పెరిగిన మట్టిని మెట్ట పొలానికి, కూరగాయల మడికి, చెట్ల పాదులకు తోలుకోండి. వరి మడికి వద్దు.

మూడో దారి కోత యంత్రం. ఒకరి చేలో నుంచి తిన్నగా మరొకరి చేలోకి దిగుతుంది. జల్లెడల్లో, మూలల్లో ఇరుక్కున్న గింజలు మీ మడిలో రాలతాయి. యంత్రం దిగే ముందు గట్టు మీదే ఖాళీగా కాసేపు తిప్పి, దులిపించి దించమని అడగండి. అడగటానికి మొహమాటపడవద్దు.

నాలుగోది సంకరం. వరి తన పువ్వులో తానే ఫలదీకరణ చెందే పంట. అయినా గాలికి కొద్దిపాటి పుప్పొడి పక్క మొక్కకు చేరుతుంది. చేను గట్టు పక్కనే నివ్వరి పూస్తుంటే వేసిన వరికీ దానికీ అక్కడక్కడ కలుస్తుంది. ఆ పుట్టిన మొక్కలు వరిలాగా పెరిగి, నివ్వరిలాగా రాలతాయి. వీటినే కలుపు వరి అంటున్నారు. వెదజల్లే సాగు పెరిగిన చోటల్లా ఈ బెడద కూడా పెరిగింది. కారణం చెప్పటం తేలిక. నాటిన మడిలో వరసలో లేనిది కలుపు. నెల వయసు నారుకు, అప్పుడే మొలిచిన నివ్వరికి తేడా తెలుస్తుంది. వెదజల్లిన మడిలో రెండూ ఒకే రోజు మొలుస్తాయి, ఏది ఏదో తెలియదు.

చేలో నివారణ

ఊదకు, తుంగకు మందులున్నాయి. నివ్వరికి లేదు. అది కూడా వరే కనుక దాన్ని చంపే మందు మీ పంటను కూడా చంపుతుంది. మందును తట్టుకునే వరి రకాలను తయారుచేసి ఆ మందు కొట్టే పద్ధతి అమెరికాలో 2002లో మొదలైంది. కొన్నేళ్లకే ఆ తట్టుకునే గుణం కలుపు వరికి కూడా సంక్రమించింది. కాబట్టి సన్నకారు రైతు మందును నమ్ముకోకుండా కింది పద్ధతులు వరసగా పాటించాలి.

1. ఈ కలుపు కనిపించిన మడిలో కనీసం రెండు మూడేళ్లు వెదజల్లటం మానండి. దమ్ము బాగా చేసి నాట్లు వేయండి. నాటాక రెండు అంగుళాల నీరు నిలకడగా ఉంచితే కొత్తగా మొలిచేవి చాలావరకు అణిగిపోతాయి.

2. కోత కాగానే లోతుగా దున్నవద్దు. రాలిన గింజ లోతుకు పోతే భద్రంగా దాచిపెట్టినట్టే. పైనే వదిలేస్తే పిట్టలు, ఎలుకలు కొంత తింటాయి, ఎండకు కొంత చెడుతుంది. డెల్టా జిల్లాల్లో, నెల్లూరు వైపు కోసిన చేలల్లో బాతుల మందలు దింపటం పాత అలవాటు. బాతులు మడి మడి జల్లెడ పట్టి రాలు గింజ ఏరుకు తింటాయి. మీ ఊరికి మంద వస్తే కాదనకండి.

3. తొలకరికి పైపైన దున్ని తడి ఇవ్వండి. పది పదిహేను రోజుల్లో మొలవాల్సినవి మొలుస్తాయి. వాటిని దున్ని తొక్కించండి. నీరు, వ్యవధి ఉంటే మరోసారి ఇలాగే చేయండి. గింజను మోసం చేసి మొలిపించి చంపటం అన్నమాట.

4. విత్తనాన్ని నారు పోసే ముందు తెల్ల గుడ్డ మీద కొద్దికొద్దిగా పరిచి చూడండి. ముల్లు ఉన్నవి, నల్ల ఊక ఉన్నవి ఏరేయండి. గుప్పెడు గింజలు వలిచి ఎర్ర బియ్యం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కనిపిస్తే ఆ విత్తనం తిండికి వాడుకోండి, విత్తనానికి వద్దు.

5. కంకి తొంగిచూసే దశలో ఒకసారి, పాలు పోసుకునే దశలో ఒకసారి మడిలో తిరిగి బెరుకులు తీయించండి. గింజ ముదిరాక తిరిగితే మీ కాలే వాటిని రాలుస్తుంది. పీకిన మొక్కల్ని గట్టు మీద పడేయకుండా గోనెలో వేసి బయటికి తెచ్చి పశువులకు వేయండి లేదా తగలబెట్టండి.

6. నీటి వసతి, నేల అనుకూలిస్తే ఒక పంట మార్చండి. వరి తరువాత మినుము, పెసర, మొక్కజొన్న వంటివి వేస్తే అందులో మొలిచిన నివ్వరి కంటికి తెలుస్తుంది, గుంటకకు దొరుకుతుంది.

చత్తీస్‌గఢ్‌లో కలుపు వరిని కర్గా అంటారు. అక్కడి రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఊదా రంగు ఆకులుండే శ్యామల అనే రకాన్ని ఇందుకోసమే ఇచ్చింది. చేనంతా ఊదాగా ఉంటే పచ్చగా ఉన్నది కలుపు, పీకటం తేలిక. ఇది మంచి ఉపాయమే గానీ అదే రకం ఏటా వేస్తే పనిచేయదు. సంకరం జరిగి కలుపు వరికి కూడా ఊదా రంగు వస్తుంది. మన దేశంలో ఇంతకు ముందు ఇలాంటి రకాలు వేసిన చోట అదే జరిగింది.

తినే గింజే

నివ్వరి విషం కాదు, శుభ్రమైన తిండిగింజ. కాకపోతే దాన్ని సేకరించటం ఓపిక పని. పూర్తిగా పండే దాకా ఆగితే గింజ నీళ్లపాలవుతుంది. అందుకని కంకులు పండక ముందే నాలుగైదు దుబ్బుల కంకులు కలిపి ముడి వేస్తారు. రాలిన గింజ ఆ ముడిలోనే చిక్కుకుంటుంది. ఇంకో పద్ధతి తెల్లవారుజామున మంచు తడి ఆరక ముందే నీళ్లలో దిగి, బుట్టను కంకుల మీదుగా ఊపుతూ నడవటం. ముదిరినవి మాత్రమే బుట్టలో పడతాయి. రెండు మూడు రోజులకోసారి ఇలా తిరగాలి. ఎండబెట్టి, ముల్లు విరిగేలా రోట్లో దంచి, చేటతో చెరిగితే సన్నని ఎర్ర బియ్యం వస్తుంది.

చత్తీస్‌గఢ్‌లో దీన్ని పసహర్ బియ్యం అంటారు. కృష్ణాష్టమికి రెండు రోజుల ముందు వచ్చే హలషష్ఠి నాడు అక్కడి తల్లులు పిల్లల క్షేమం కోసం వ్రతం చేస్తారు. అది నాగలి పట్టిన బలరాముడి పుట్టినరోజు కనుక, ఆ రోజు నాగలి తగిలిన నేలలో పండింది తినరు. నివ్వరి బియ్యమే వండుకుంటారు. ఆ రోజుల్లో అక్కడి బజార్లలో కిలో నూరు రూపాయలు దాటి అమ్ముడవుతుంది. చెరువుల్లో దిగి గింజ ఏరేది పేద కుటుంబాల ఆడవాళ్లే, ఆ నాలుగు డబ్బులు వాళ్లవే. ఉత్తరప్రదేశ్‌లో దీన్నే తిన్నీ బియ్యం అంటారు. ఉపవాసం రోజుల్లో అన్నం తినని వాళ్లు కూడా ఇది తింటారు.

అలా అని మీరు దీన్ని పొలంలో పండించి లాభపడదామని అనుకోవద్దు. రాలిపోయే గింజకు ఎకరం దిగుబడి లెక్కకట్టలేం. పైగా మీ పొలమే కాదు, పక్కవాళ్ల పొలం కూడా పాడవుతుంది. నివ్వరి చోటు చెరువే.

అమెరికా వైల్డ్ రైస్ వేరు

ఈ మధ్య పట్నాల్లోని పెద్ద దుకాణాల్లో 'వైల్డ్ రైస్' పేరుతో సూదుల్లాంటి నల్లని పొడుగు గింజలు ఖరీదుకు అమ్ముతున్నారు. అది మన నివ్వరి కాదు, అసలు వరి జాతే కాదు. జైజేనియా అనే వేరే నీటి గడ్డి. ఉత్తర అమెరికా సరస్సుల్లో పెరుగుతుంది. అక్కడి ఒజిబ్వే ఆదివాసులు పడవలో ఇద్దరు కూర్చుని, ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు రెండు కర్రలతో కంకులు వంచి పడవలోకి తట్టుకుంటారు. 1950 తరువాత దాన్ని మడులు కట్టి పండించటం కూడా మొదలైంది.

దాని విత్తనం ఎండితే చచ్చిపోతుంది. మొలవాలంటే మూడు నాలుగు నెలలు గడ్డకట్టేంత చల్లని నీళ్లలో నానాలి. మన ఎండలకు, మన చెరువులకు అది కుదరదు. ఎవరైనా 'వైల్డ్ రైస్ విత్తనం, కిలో వేల రూపాయలు పలుకుతుంది, మేమే కొంటాం' అని మీ ఊరికి వస్తే ముందుగా డబ్బు కట్టి మోసపోకండి.

మీ పంటలో నివ్వరి రక్తం

ఇంతవరకు చదివాక "చేలో ఇంత తంటా పెట్టేదాన్ని చెరువులో మాత్రం ఎందుకు ఉంచాలి?" అని మీరు అడగవచ్చు. జవాబు మీ గాదెలోనే ఉంది.

1970ల మొదట్లో ఆసియా దేశాల వరి రైతులకు కొత్త తెగులు వచ్చిపడింది. సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ అనే వైరస్ అది. సోకిన దుబ్బు గిడసబారి, గడ్డి పరకల్లాంటి పిలకలు తొడిగి, కంకి తీయకుండా ఉండిపోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న ఆరు వేలకు పైగా రకాలను పరీక్షించింది. సాగు రకం ఒక్కటి కూడా నిలబడలేదు. నిలబడింది మన ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించి పంపిన ఒక నివ్వరి. ఆ నివ్వరి గింజల నుంచి పెంచిన 30 మొక్కల్లో కూడా 3 మొక్కలకే ఆ శక్తి ఉంది. ఆ మూడు మొక్కలతో సంకరాలు చేసి, మళ్లీ మళ్లీ మంచి వరితో కలిపి 1974లో కొత్త రకాలు వదిలారు. 1976లో వచ్చిన ఐఆర్ 36 ఒక దశలో ప్రపంచంలో కోటి హెక్టార్లకు మించి సాగైంది.

మన దగ్గరకు వద్దాం. మనం చాలా ఏళ్లు పండించిన ఐఆర్ 64 వంశంలో ఆ నివ్వరి ఉంది. ఆ ఐఆర్ 64ను కృష్ణవేణి రకంతో కలిపి పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం తయారుచేసినదే కాటన్ దొర సన్నాలు, అంటే మీరందరూ 1010 అని పిలిచే ఎంటీయూ 1010. రెండు రాష్ట్రాల్లోనూ దాన్ని వేయని ఊరు అరుదు. అంటే ఏదో కుంటలో కలుపుగా పెరిగిన నివ్వరి మన 1010కి ముత్తవ్వ వరస అవుతుంది.

ఇంకో సంగతి. హైబ్రిడ్ వరి విత్తనం తయారు చేయాలంటే పుప్పొడి లేని ఆడ మొక్క కావాలి. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి అలాంటి మొక్క ఒకటి నీటి గుంట దగ్గర అడవి వరిలో దొరికింది. మన దేశంలో హైబ్రిడ్ విత్తనానికి ఎక్కువగా వాడే ఆడ వరసలన్నీ ఆ మొక్క సంతానమే. 1994లో ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన తొలి హైబ్రిడ్లు ఏపీహెచ్ఆర్ 1, ఏపీహెచ్ఆర్ 2 కూడా ఆ దారిలో వచ్చినవే. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో ఆడ మగ వరసలు నాటి, పూత వేళ తాడు లాగి పుప్పొడి రాల్చే రైతులు తింటున్న కూడు ఒక విధంగా ఆ అడవి వరి పెట్టిందే.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, అన్నానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత తొందరగా లొంగిపోతుంది. ఆఫ్రికాలోని మాలీ దేశం నుంచి వచ్చిన ఒక అడవి వరికి ఈ తెగులును తట్టుకునే శక్తి ఉన్నట్టు కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో గమనించారు. ఆ గుణంతో పాటు మరో రెండు తట్టుకునే గుణాలను మామూలు సంకరం ద్వారానే సాంబలోకి తెచ్చి, హైదరాబాద్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్, సీసీఎంబీ కలిసి 2008లో మెరుగైన సాంబ మసూరిని రైతులకు అందించాయి. ఆఫ్రికా రైతుకు ఆ అడవి వరి కలుపే. మన సాంబకు మాత్రం అది మందైంది.

ఆ డైరెక్టరేట్‌ను ఇప్పుడు భారత వరి పరిశోధన సంస్థ అంటున్నారు. మార్టేరు స్వర్ణకూ నివ్వరికీ అక్కడి శాస్త్రవేత్తలు సంకరాలు చేసి, వాటి నుంచి మేలైన గుణాలను వెతికి తీశారు. ఇన్ని ఉదాహరణలు చెప్పటం దేనికంటే, రేపు కొత్త దోమ వచ్చినా, కొత్త తెగులు వచ్చినా, నీటి ముంపు, బెట్ట పెరిగినా జవాబు కోసం వెళ్లాల్సింది మళ్లీ అడవి వరి దగ్గరకే.

ముప్పై మొక్కల్లో మూడు అన్న మాట గుర్తుంచుకోండి. ఒక కుంటలోని నివ్వరికి ఉన్న గుణం పక్క కుంటలోని దానికి ఉండకపోవచ్చు. ఆ ఒక్క కుంటనే అప్పటికే పూడ్చేసి ఉంటే? ఇళ్ల స్థలాలకు కుంటలు పూడుస్తున్నాం. రొయ్యల, చేపల చెరువులకు చిత్తడి నేలలు తవ్వేస్తున్నాం. పూడిక తీసేటప్పుడు చెరువు అంచు ఏటవాలును పూర్తిగా చెక్కేసి నిలువు గట్టు చేస్తున్నాం. నివ్వరికి కావాల్సింది ఆ లోతులేని అంచే. అది పోతే ఆ చెరువు నివ్వరి పోయినట్టే.

మీరు చేయగలిగింది

ఇదేమీ ఖర్చుతో కూడిన పని కాదు. మీ ఊరి చెరువులో నివ్వరి ఉంటే, పూడిక తీసే పని వచ్చినప్పుడు ఆయకట్టు వైపు కాకుండా, వరి చేలకు దూరంగా ఎగువన ఒక మూల కొద్దిపాటి అంచు వదిలేయమని గ్రామసభలో అడగండి. కట్ట కింద, పంట కాల్వల్లో, చేల గట్ల మీద మొలిచిన దాన్ని మాత్రం పూత రాకముందే కోసేయండి. చెరువులో ఉంచటం, చేలోకి రానీయకపోవటం, ఈ రెండూ కలిసి జరగాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ఊరి మొక్కలూ పశువుల వివరాలు రాసే రిజిస్టరు ఉండాలి. మీ చెరువు నివ్వరిని అందులో రాయించండి. కంకి రంగు, ముల్లు పొడుగు, ఎంత లోతు నీళ్లలో ఉంటుంది, ఏ నెలలో పండుతుంది అనేవి పెద్దవాళ్లను అడిగి రాయిస్తే చాలు. వింత గుణం ఏదైనా కనిపిస్తే, ఉదాహరణకు చుట్టూ చేలన్నీ దోమకు సుడులు సుడులుగా ఎండినా అది పచ్చగా నిలబడితే, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి చెప్పండి. ఇలాంటి గింజలు సేకరించి దాచే జాతీయ సంస్థకు రాజేంద్రనగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. వాళ్లకు కబురు చేరుతుంది.

మొదట చెప్పిన రైతు ఈ ఖరీఫ్‌కు ఒక ఎకరం నాట్లు వేస్తానని, రెండో ఎకరంలో రెండుసార్లు మొలిపించి దున్నాకే నారు పెడతానని అన్నాడు. వెళ్లబోతూ, తను తోలుకున్న మట్టి చెరువు మూల నుంచి వచ్చిందని, చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ అక్కడే బుట్ట పట్టుకొని గింజలు దులిపేదని చెప్పాడు. ఆ మూల ఇంకా మిగిలి ఉందా అని అడిగితే, "సగం ఉంది" అన్నాడు. ఆ సగమైనా ఉంచమని మీ ఊళ్లో మీరూ అడగండి.